నా గొంతు పెట్టెలో బోహ్యాంగ్ డ్రమ్ములు

బుద్ధున్నవాడు చెప్పులు కాళ్లకి వేసుకుంటాడు, టోపీ నెత్తిన పెట్టుకుంటాడు. గొంతు కోసం కొన్న పెట్టెలో డ్రమ్ముల్ని దూర్చే మనిషి మా పుజి ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. పేరు చ్వా బోహ్యాంగ్. అరవై నాలుగేళ్లు. విందుల్లో కీబోర్డు వాయిస్తాడు. ఇరవై రెండేళ్లుగా నా పక్కనే వాయిస్తున్నాడు కాబట్టి వాడి పెళ్లాం తర్వాత వాడి సంగతి చెప్పే హక్కు నాదే. ఆవిడ చెప్పబోతే ఏడుపు వస్తుంది. నాకు తిట్లు వస్తాయి.

పుట్టింది సముద్రపు ఒడ్డున. వాళ్లమ్మ ఆల్చిప్పలు ఒలిచేది. పదిహేనో ఏట ఆర్గన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో కుదిరాడు. తయారైన ప్రతి ఆర్గన్ మీదా అరవై ఒక్క మెట్లూ వరసగా నొక్కి, పలుకుతున్నాయో లేదో చూడడం వాడి పని. వరసగా నొక్కమంటే వీడు వినలేదు. పాటలాగా నొక్కడం మొదలుపెట్టాడు. మేస్త్రీ చెంప మీద ఒకటిచ్చాడు. మర్నాడు వీడు ఇంకో పాట నొక్కాడు. ఆరు నెలలకి తరిమేశారు గానీ, అప్పటికే విద్య వేళ్లలోకి ఎక్కేసింది. కొన్నాళ్లు శవాల బళ్ల మీద వాయించాడు. ఏడ్చేవాళ్ల ముందు వాయించీ వాయించీ మొహం అలాగే ఉండిపోయిందని, పెళ్లి విందులకి మొదట్లో ఎవరూ పిలిచేవాళ్లు కాదు.

ఒక్క గొప్ప మాత్రం ఒప్పుకోవాలి. మా విందుల్లో భోజనాల మధ్య చుట్టాలు లేచి పాడతారు. పాడేవాడు కీబోర్డు వెంట నడవడు. కీబోర్డే వాడి వెంట నడవాలి. వాడు తాగి ఉండనీ, జలుబు చేసి ఉండనీ, ఏ శ్రుతిలో ఎత్తుకుంటే అదే శ్రుతి. బోహ్యాంగ్ మొదటి మాట వింటాడు, రెండో మాటకి తల వంచుతాడు, మూడో మాటకి ఆ శ్రుతిలో ఉంటాడు. వాడి దయ వల్ల మా ఊళ్లో ప్రతి పందికొక్కూ తనకి పాట వచ్చనుకుంటుంది.

మాకు డ్రమ్ములు వాయించేవాడు కూడా ఉండేవాడు, హోక్‌లాయ్ అని. రెండేళ్ల కిందట చలికాలంలో పోయాడు. ఆ తర్వాత డ్రమ్ముల మోత కీబోర్డులోంచే వస్తోంది. మీట నొక్కితే టక్ టక్ టక్. వంకాయలు తరిగినట్టు ఉంటుంది. నేను పట్టించుకోలేదు. నాకు నా గొంతు పెట్టె ఉంది కదా.

ఈ పెట్టె కాలి కింద పెట్టుకునే పెట్టె. మైకు తీగ అందులో గుచ్చాలి. ఒక మీట తొక్కితే గొంతు కొండల్లో పాడినట్టు మోగుతుంది. ఇంకో మీట తొక్కితే పైన ఒక గొంతు, కింద ఒక గొంతు కలుస్తాయి. శ్రుతి తప్పితే సరిచేస్తుంది కూడా, నాకు ఆ అవసరం లేదు. డెబ్బై మూడేళ్ల మనిషి గొంతుకి అది పౌడరులాంటిది. పౌడరు లేకుండా నేను ఊరి ముందుకి రాను.

ఈ ఏడు మూడో నెలలో మా ఓంగ్యా దేవుడి విందుకి పది రోజుల ముందు, గుడి కమిటీ పెద్ద లౌ మమ్మల్నిద్దర్నీ పిలిచాడు. వేరుశనగలు ఒలుస్తూ చెప్పాడు.

"చూడు వదినా, పోయినేడు పాడ్డానికి లేచింది ఇద్దరు. ఒకడు తాగుబోతు. రెండోవాడు మా అల్లుడు, అదీ నేను తొడపాశం పెడితే లేచాడు. జనం లేవకపోతే అది విందా, తద్దినమా? ఈసారీ ఇంతే అయితే వచ్చే ఏడు చియాయి పట్నం నుంచి తెర బండి తెప్పిస్తా. పాట మాటలు తెర మీద వస్తాయంట, రంగు దీపాలు తిరుగుతాయంట."

"తెర బండి తాగుబోతు శ్రుతికి దిగుతుందా మరిదీ?" అన్నాను.

"దిగకపోయినా రంగు దీపాలుంటాయి కదా," అన్నాడు.

మిగతా విందులన్నీ ఎప్పుడో తెర బళ్ల పాలయ్యాయి. మాకు మిగిలింది ఈ ఒక్కటే. బోహ్యాంగ్ శవాల బండి మొహం పెట్టుకుని వేరుశనగ పొట్టు వంక చూశాడు.

మూడు రోజుల తర్వాత సాధనకి వాడింటికి వెళ్లాను. గుమ్మం దగ్గరే ఆగిపోయాను. లోపల ఎవరో పదిమంది ఆడవాళ్లు "ఆ" అంటున్నారు. వాళ్ల మధ్యలో ఎవడో మగాడు కడుపునొప్పితో మూలుగుతున్నాడు. చూస్తే ఎవరూ లేరు. బోహ్యాంగ్ ఒక్కడే నేల మీద గొంతుకూర్చుని ఉన్నాడు. మా సామానంతా వాడింట్లోనే ఉంటుంది. నా పెట్టెలో నా మైకు లేదు. కీబోర్డు తీగ ఉంది.

"ఒరేయ్, ఏంటిది?"

"అక్కా, వచ్చావా! విను, విను." మెట్టు నొక్కాడు. మళ్లీ పదిమంది ఆడవాళ్లు. "ఇది మామూలు కీబోర్డు మోతే. నీ పెట్టె దాన్ని గొంతనుకుని పైనొకటి, కిందొకటి కలుపుతోంది. ఇప్పుడు డ్రమ్ము విను." డ్రమ్ము కొట్టాడు. మగాడు మూలిగాడు. "డ్రమ్ముకి శ్రుతి లేదు కదా, పెట్టె పాపం వెతుక్కుంటోంది. దొరక్క, చేతికందిన స్వరం పట్టుకుని లాగుతోంది."

"పాపమా! ముందు నా పెట్టె తగలబడుతుందేమో చూసుకో!"

"మొదట గుర్రుమంది. మైకు నుంచి వచ్చేది సన్న ధార, కీబోర్డు నుంచి వచ్చేది వరద. అందుకే కీబోర్డు గొంతు బాగా తగ్గించా. ఇప్పుడేం కాదు."

"అయితే నా గొంతు ఎందులోంచి రావాలి? కూర గిన్నెలోంచా?"

వాడు పెట్టె మీద మీట ఒకటి తిప్పి చూశాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు. "హోక్‌లాయ్ కొట్టేటప్పుడు ఒక దెబ్బలా ఇంకో దెబ్బ ఉండేది కాదక్కా. ఒకటి ఆయాసపడేది, ఒకటి నవ్వేది. ఈ మిషను దెబ్బలన్నీ ఒక్కలాగే చచ్చి ఉంటాయి. అవి విని ఎవడు లేస్తాడు? నీ పెట్టె మనిషి ఊపిరికోసం చేసింది. అందులో వేస్తే చచ్చిన దెబ్బ కూడా కాస్త ఊపిరి తీస్తోంది."

"ఊపిరి తీసేది నువ్వు, నాకు! తీగ పీకు."

పీకాడు. అంత తేలిగ్గా పీకాడంటే నాకు అనుమానం రావాలి. రాలేదు. అది నా తప్పు.

విందు రోజు వీధి పొడుగునా గుడారం వేశారు. అరవై ఎర్ర బల్లలు. వెనక కొట్టంలో వంట పెద్ద బీహ్వా, ఆమె ఆడవాళ్లు, పొగలు, అరుపులు. మాలో పద్ధతి ఒకటే. ముందు దేవుడి ముందు పళ్లేలు పెట్టి అగరొత్తులు వెలిగిస్తారు. ఒత్తులు మూడో వంతు కాలేదాకా దేవుడు తింటాడు. ఆ తర్వాత టపాకాయల సరం అంటిస్తారు. కొట్టంలోవాళ్లకి గుడారం కనబడదు. సరం మోత వినబడగానే మొదటి పళ్లేలు పరుగున బయల్దేరతాయి.

ఒత్తులు అప్పుడే వెలిగించారు. లౌ మోకాళ్ల మీద ఉన్నాడు. నేను అద్దంలో చూసుకుని పెదాలకి రంగు వేసుకుంటున్నాను. ఆ సందులో బోహ్యాంగ్ నా మైకు తీగ పీకి, కీబోర్డులోంచి వచ్చే డ్రమ్ము తీగ గుచ్చాడు. మోత సరిచూసుకోవాలిగా మరి! ప్రతి దెబ్బా పదిసార్లు మారుమోగేలా పెట్టె మీట తిప్పి, ఒక్క దెబ్బ కొట్టాడు.

పట పట పట పట పటపటపటా!

కొట్టంలోంచి బీహ్వా కేక వినబడింది. "ఏయ్, సరం కాలింది! కదలండే!" ముప్పైమంది ఆడవాళ్లు తలా రెండు పళ్లేలతో గుడారంలోకి దూసుకొచ్చారు. రొయ్యలు, ఎండబెట్టిన చేపగుడ్ల ముక్కలు, చల్లటి నత్తమాంసం. బల్లల దగ్గరివాళ్లు మాత్రం ఆగుతారా? మోత విన్నారు, పళ్లెం వచ్చింది, తినే పుల్లలు తీశారు. లౌ వెనక్కి తిరిగి చూసేసరికి, దేవుడు ఇంకా మొదటి ముద్ద ముట్టకముందే, ఊరు ఊరంతా రొయ్యలు ఒలుస్తోంది.

"ఆపండి! ఎవడు కాల్చాడు?"

"ఎవరూ కాల్చలేదన్నా," అన్నాడు బోహ్యాంగ్. "అది డ్రమ్ము."

"డ్రమ్మా?"

"గొంతు పెట్టెలోంచి వచ్చిన డ్రమ్ము."

లౌ నా వంక చూశాడు. నా వంక ఎందుకు చూడాలి? పెట్టె నాదని. పెదాలకి సగమే రంగుతో నేను నిలబడి ఉన్నాను.

దేవుణ్ణే అడగాలన్నారు. గుళ్లోంచి నెలవంక చెక్కలు రెండూ తెచ్చారు. లౌ వాటిని నుదుటికి ఆనించుకుని, "తండ్రీ, నీకంటే ముందు మేం తిన్నాం, కోపం వచ్చిందా?" అని నేలకి వదిలాడు. రెండూ బల్లపరుపు వైపు పైకి పడ్డాయి. అలా పడితే దేవుడు నవ్వుతున్నాడని. నవ్వు జవాబు కాదు, మళ్లీ అడగాలి. మళ్లీ వేశాడు. మళ్లీ నవ్వు. మూడోసారి కూడా నవ్వే.

బీహ్వా గరిట పట్టుకుని వచ్చి నిలబడింది. "అన్నా, ఆయన నవ్వు ఆగేసరికి నా చేపలు రాళ్లయిపోతాయి. కానివ్వు."

"దేవుడు నవ్వుకుంటే నవ్వుకోనీ," అన్నాడు లౌ. "నేను నవ్వట్లేదు. వదినా, ఇదే మీ ఆఖరి విందు."

బోహ్యాంగ్ డ్రమ్ము తీగ పీకి, తుడిచి, నా మైకు తీగ గుచ్చి, పెట్టెని రెండు చేతులా తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టాడు. తిడదామని నోరు తెరిచాను. వాడి మొహం చూసి మూసుకున్నాను. అదింకా ఒళ్లు మండించింది. తిట్టనివ్వకుండా చేసే మొహం పెట్టుకోవడం ఏం న్యాయం?

పాడాను. కొండల్లో మోగినట్టు పాడాను. పైన గొంతు, కింద గొంతు, అన్నీ వేసుకుని మూడు పాటలు పాడాను. వెనక టక్ టక్ టక్. పీత అన్నం వచ్చింది. అందరూ పీత డెక్కలు కొరుకుతున్నారు. ఆవిరి చేప వచ్చింది. ఒక్కడూ తల ఎత్తలేదు. పెద్ద హోటల్లో గోడలోంచి పాట వస్తుందే, దాన్నెవడైనా చూస్తాడా? నన్నలా వదిలేశారు. కోడి సూపు వచ్చింది. ఇక తీపి పులుసు ఒక్కటే మిగిలింది. అది వచ్చిందంటే మా వాళ్లు సంచులు తీసి మిగిలింది మూటగట్టుకుని లేస్తారు. అప్పుడే కొందరు సంచులు దులుపుతున్నారు. లౌ ఎవరితోనో, "ఆ తెర బండివాడి నంబరు ఉందా నీ దగ్గర?" అంటున్నాడు. బోహ్యాంగ్ తల వంచుకుని, ఫ్యాక్టరీలో పరీక్ష చేస్తున్నట్టు ఒక్కో మెట్టూ నొక్కుతున్నాడు.

ఆ టక్ టక్ భరించలేకపోయాను. పాట మధ్యలో ఆపి, పెట్టెలోంచి నా తీగ నేనే పీకేశాను.

"ఇదిగో, దూర్చుకో! నీ డ్రమ్ముల్ని దూర్చుకో, నీ పదిమంది ఆడవాళ్లనీ దూర్చుకో! ఎలాగూ పోయాం, ఇక ఏడవనీ!"

"మరి నీ గొంతక్కా?"

"నా గొంతు నా ఇష్టం. కొట్టు!"

వాడు మారుమోత తగ్గించి గుచ్చాడు. మొదటి దెబ్బ ఆయాసంతో మూలిగింది. రెండోది దాని మీద ఊరికే నవ్వినట్టు పడింది. వెనక ఆడవాళ్లు "ఆ" అన్నారు. అచ్చం హోక్‌లాయ్‌లా లేదు, వాడి దెయ్యంలా ఉంది. కానీ మొదటి బల్ల కింద ఎవరిదో చెప్పు తాళం వేయడం చూశాను. నేను మైకు తీగ తిన్నగా స్పీకరులో గుచ్చి, ఒట్టి గొంతుతో ఎత్తుకున్నాను. పై స్వరం దగ్గర ఎండిన వెదురు చీలినట్టు చీలింది. కింద స్వరం దగ్గర గాలి తప్ప ఏమీ రాలేదు.

గుడారంలో తలలన్నీ లేచాయి.

బాతులు పెంచే ఎనభై ఏళ్ల తియామ్ పిన్ని, నా చిన్నప్పటి నుంచీ నన్ను ఎరిగిన మనిషి, పదకొండో బల్ల దగ్గర్నుంచి ఊరంతా వినేలా అరిచింది.

"ఒసేయ్ కిమ్‌త్వాన్! ఇదంటే నీ గొంతు? ఇన్నేళ్లూ ఆ పెట్టెలో దాక్కున్నావటే? నా బాతులే నయం! ఇటివ్వు ఆ మైకు!"

ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా లేవని మనిషి చేపముల్లు ఉమ్మేసి వచ్చి, నా చేతిలోంచి మైకు లాక్కుని ఎత్తుకుంది. మూడో మాటకి బోహ్యాంగ్ ఆవిడ పక్కన ఉన్నాడు. ఆవిడ దిగకముందే మాంసం కొట్టు ఆసామి వరసలో నిలబడ్డాడు. "కిమ్‌త్వాన్ అక్కే అలా పాడగా లేంది, నాకేం సిగ్గు," అంటున్నాడు, నేను పక్కనుండగానే! బస్సు డ్రైవరు వచ్చాడు. లౌ అల్లుడు తొడపాశం లేకుండా వచ్చాడు. బీహ్వా గరిటతోనే వచ్చింది. నా పాట తర్వాత పదకొండుమంది పాడారు. తీపి పులుసు బల్లల మీద చల్లారిపోయింది, సంచులు కుర్చీల మీద ఉండిపోయాయి.

అంటే నేను బాగా పాడినన్నాళ్లూ వీళ్లు భయపడి కూర్చున్నారన్నమాట. నేను పాడైపోతే ధైర్యం వచ్చింది. ఇది మెచ్చుకోలో తిట్టో నాకు ఇప్పటికీ తేలలేదు. ఎవర్నడిగినా నవ్వుతున్నారు.

ఆఖరికి లౌ వచ్చాడు. మైకు పుచ్చుకుని, చిన్నగా అడిగాడు. "బోహ్యాంగ్, నాకు కాస్త ఆ మారుమోత పెట్టవోయ్."

"అది ఇప్పుడు డ్రమ్ముది అన్నా. మీరు ఊరికే ఎత్తుకోండి, నేను వస్తాను."

లౌ ఎత్తుకున్నాడు. కుంటి గేదె చెరువులో దిగినట్టు మొదటి మాట, దిగి జారినట్టు రెండో మాట. మూడో మాటకి బోహ్యాంగ్ పట్టుకున్నాడు. పాట అయ్యాక లౌ చెమట తుడుచుకుని, దేవుడి పీఠం దగ్గర నిలబడి, వచ్చే ఏడు విందులో ఎవరి పని ఏదో రాసే ఎర్ర కాగితం తెప్పించాడు. వాద్యం, పాట అన్న చోట కుంచెతో మెల్లిగా రాశాడు.

నాకు చదువు పెద్దగా రాదు గానీ నా పేరు ఎక్కడున్నా గుర్తుపడతాను. ముందు చ్వా బోహ్యాంగ్ అని రాశాడు. దాని కింద, కాస్త చిన్న అక్షరాలతో, నాది.

"ఇదేంటి మరిదీ? ఎప్పుడూ నాది కదా పైన ఉండేది?"

"జనాన్ని లేపింది డ్రమ్ములు కదా వదినా," అన్నాడు లౌ, గొంతు బొంగురుగా.

బోహ్యాంగ్ వైపు తిరిగాను, ఏదైనా అంటాడేమోనని. వాడు నా పెట్టె ముందు గొంతుకూర్చుని, శ్రుతి సరిచేసే మీట డ్రమ్ముల మీద నొక్కితే ఏమవుతుందో చూస్తున్నాడు.