మామ్మ పడవెక్కిన చర్చి

నా చిన్నప్పుడు కృష్ణకి వరదొచ్చిందంటే మా లంక ఊరి పిల్లలకి పండగే, బడి ఉండదు కదా! తొంభైల్లో ఒక ఏడు మాత్రం నీళ్లు మా వీధిలోకే వచ్చేశాయి. ఊళ్లో ఎత్తయిన చోటు పెంకుల చర్చి ఒక్కటే. అమ్మ బియ్యం డబ్బా ఎత్తుకుంది, నేను మామ్మ చెయ్యి పట్టుకున్నాను. వానలో పడుతూ లేస్తూ అక్కడికి చేరాం.

మా మామ్మకి మడీ ఆచారం మహా ఎక్కువ. పక్కింట్లో మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. చర్చి గుమ్మం దాకా వచ్చి, చూరు నీళ్ల కింద చతికిలబడింది. పరాయి దేవుడింట్లోకి రానే రాను, మీరు పొండి అంది. అసలే ఆయాసం మనిషి. తడిసి ముద్దయ్యేసరికి గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి. అమ్మ బతిమాలింది, కోప్పడింది, ఏడ్చింది. వింటేగా! మామ్మ మాకిక దక్కదేమోనని నేను ఆవిడ చెయ్యి వదల్లేదు.

అప్పుడు లోపల్నుంచి పాస్టరమ్మగారు వచ్చారు. లోపలికి రమ్మనలేదు సరికదా, తనూ మామ్మ పక్కనే తడుస్తూ కూర్చున్నారు. గుమ్మంలోంచి లోపలి కప్పుకేసి చూపించారు.

"ఆ వాసాలు చూడండి మామ్మగారూ, బోర్లించిన పడవలా లేవూ? జనం కూర్చునే ఈ హాలుని నేవ్ అంటారండీ. లాటిన్‌లో ఓడని నావిస్ అనేవారట, అందులోంచి వచ్చింది. పూజాపీఠం అదిగో, ఆ చివరెక్కడో ఉంది. ఇదంతా పడవేనండీ. రేవులో పడవెక్కేటప్పుడు పక్కనెవరున్నారని చూస్తామా?"

మామ్మ చాలాసేపు పైకే చూసింది. సంతకెళ్లాలన్నా, పొలానికెళ్లాలన్నా ఆవిడకి పడవే దిక్కు. అందులో ఊరంతటితో రాసుకుంటూ కూర్చునేది, మడి ఊసే ఎత్తేది కాదు.

"గడుసుదానివేనమ్మా" అని గొణుగుతూ లేచింది. పడవెక్కే ముందు అంచు తాకి కళ్లకద్దుకోవడం ఆవిడ అలవాటు. గడపనీ అలాగే తాకి, కళ్లకద్దుకుని, కుడికాలు లోపల పెట్టింది. అమ్మ భోరుమంది.

పాస్టరమ్మగారు వేణ్నీళ్లిస్తే మామ్మ గటగటా తాగేసింది కూడా. నేను నోరు తెరిచి చూస్తుంటే, పడవలో మడేమిటే అని నన్నే కసిరింది.

మామ్మ ఆ తర్వాత చాలా ఏళ్లే బతికింది. నేనిప్పుడుండే విజయవాడలో ఏ చర్చిలో పెళ్లికెళ్లినా ఇప్పటికీ నా చూపు ముందు కప్పు మీదికే పోతుంది. మా పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. మా గుమ్మం దగ్గర ఎవరైనా లోపలికి రావడానికి జంకితే మాత్రం నేను లోపల్నుంచి రమ్మని కేకెయ్యను. బయటికెళ్లి వాళ్ల పక్కన కూర్చుంటాను.