నడుం వదులు చేసుకున్నవాళ్ళ గౌన్లు

తడిపి ఆరేసిన నూలుగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే ఒక వాసన లేస్తుంది. కొంచెం గంజి, కొంచెం మాడు. ఈ ఉదయం బర్ దుబాయ్‌లో కొట్టు తెరిచి పని మొదలుపెట్టగానే ఆ వాసన తగిలింది, గ్రేసమ్మక్క గుర్తొచ్చింది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. జుట్టు మెడ దాకా కత్తిరించుకునేది. నరసాపురం దగ్గర లేసు అల్లే క్రైస్తవుల ఇంట పుట్టి, గల్ఫు ఇళ్ళలో పనిమనిషిగా ఏళ్ళ తరబడి చేసి, చివరికి ఈ కుట్టు కొట్టు నడిపే స్థాయికి వచ్చిన మనిషి.

2020లో నేను పనిచేసే ఇంటివాళ్ళ వ్యాపారం మూతపడింది. వాళ్ళు దేశం వదిలి వెళుతూ, నన్ను వేరేచోట పనికి కుదురుకోమని కాగితం రాసిచ్చారు. అప్పుడు గ్రేసమ్మక్క కొట్లో మాస్కులు కుడుతున్నారని తెలిసి వెళ్ళాను.

"కుట్టు వచ్చా?" అంది.

"మిషను తొక్కడం వచ్చండి. కటింగ్ రాదు."

"రాదా, ఎవరూ నేర్పలేదా?"

"నేర్పలేదండి."

"అద్దీ. రాకపోడం వేరు, నేర్పకపోడం వేరు. రేపట్నించి వచ్చెయ్," అంది. తన కఫీల్‌తో, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమానితో మాట్లాడి నా వీసా కొట్టు మీదికి మార్పించింది.

కానీ కొట్లో కటింగ్ బల్ల రషీద్ మాస్టర్‌ది. లక్నో మనిషి, చేతిలో గొప్ప పనితనం. ఆడవాళ్ళం కాజాలు, హుక్కులు, హెమ్మింగ్ చేసేవాళ్ళం. "కైంచీ మర్దోం కా కామ్ హై," అనేవాడాయన. కత్తెర మగవాళ్ళ పని అని. కోపంతో అన్నమాట కాదది. ఆయన పుట్టి పెరిగిన కొట్లన్నిటా అదే రివాజు. రెండేళ్ళు నేనూ ఆ బల్ల దగ్గరికి పోలేదు.

2022 చలికాలంలో ఒక ఇంగ్లీషు పెద్దావిడ వచ్చింది. బడిలో పాఠాలు చెప్పి రిటైరై, ఇక్కడ కొంతమందిని కూడగట్టి నాటకాలు వేయిస్తుంటుంది. మేము ఆవిడని డ్రామా మేడమ్ అనేవాళ్ళం. నూరేళ్ళ కిందట యూరప్‌లో మహాయుద్ధం ముగిశాక జనం ఎలా మారారన్నది ఆ నాటకం కథ. దానికి పదహారు గౌన్లు కావాలంది. మాస్టర్ ముందుగా రెండు కోశాడు. డార్టులు పెట్టి, నడుం దగ్గర నొక్కి, బొమ్మకి తొడిగినట్టు కుదిర్చాడు. తొడుక్కున్న అమ్మాయి మా ఎదుటే డాన్సు అడుగు ఒకటి వేసింది. పక్క కుట్టు పర్రున చిరిగింది.

మేడమ్ కోప్పడలేదు. "చాలా అందంగా ఉంది. కానీ వీళ్ళు యుద్ధానికి ముందటి ఆడవాళ్ళు," అని తను మొదట చూపించిన, ఆ కాలపు గౌన్ల బొమ్మలు మళ్ళీ పరిచింది. మాస్టర్ వాటిని చూసి, "యే గౌన్ నహీ, బోరా హై," అన్నాడు. గోనెసంచులకి నా పేరు పెట్టుకోనని కత్తెర బల్ల మీద పెట్టేశాడు. నాటకానికి తొమ్మిది రోజులే ఉంది.

గ్రేసమ్మక్క మేడమ్‌కి కుర్చీ వేసి టీ ఇచ్చింది. "ఆ ఆడోళ్ళు ఏం పని చేసేవారో ముందు అది చెప్పమనవే సత్యా," అంది. నేను ఇంటర్ చదివిన ఇంగ్లీషుతో అడిగి, ఆవిడ చెప్పింది తెలుగులో చెప్పాను. మగవాళ్ళు యుద్ధానికి పోతే ఆడవాళ్ళు ఫ్యాక్టరీలకి పోయారు, బస్సుల్లో టిక్కెట్లు కోశారు, ఆసుపత్రుల్లో గాయాలు కడిగారు. లక్షలమంది మగవాళ్ళు తిరిగి రాలేదు. వచ్చినవాళ్ళకి పని కావాలి గనక ఆడవాళ్ళని ఇక ఇంటికి పొమ్మన్నారు. చాలామంది పోయారు కూడా. కానీ గౌను లోపల బిగించుకునే, ఊపిరాడనివ్వని ఆ పాత నడికట్టులోకి మాత్రం మళ్ళీ దూరలేదు. జుట్టు కత్తిరించుకున్నారు, ఓటు అడిగి తెచ్చుకున్నారు. బొమ్మలు గీసేవాళ్ళు సైతం మనిషి ముఖాన్ని ముక్కలుగా గీశారట. ముక్కలైపోయిన లోకాన్ని నున్నగా గీస్తే అబద్ధమనిపించిందట.

గ్రేసమ్మక్క మెల్లగా అంది: "నేనూ యుద్ధంలోంచి వచ్చినదాన్నే కదే. కువైట్ మీద బాంబులు పడ్డప్పుడు ఎడారిలో పడి ఇంటికొచ్చాను. ఇంక చాల్లే, ఇంట్లో కూచో అన్నారు మావోళ్ళు. కూచున్నాను. ఊపిరాళ్ళేదు. ఓ పొద్దున జడ కోసేసుకుని మళ్ళీ ఇమానం ఎక్కేశాను." తర్వాత ఆ బొమ్మల్ని వేలితో తడిమి నవ్వింది. "మనం పన్లోకి దిగాలంటే నడుం బిగిత్తాం. ఈళ్ళు పని చేసి చేసి నడుం వదులు చేసుకున్నారు. అంతే తేడా."

కత్తెర తీసి నా చేతిలో పెట్టింది.

"నేనా అక్కా? మీరే కొయ్యచ్చు కదండీ."

"నా కళ్ళకి శుక్లాలు. మాస్టర్ చేతికి నడుం నొక్కడం అలవాటైపోయింది. నీ చేతికింకా ఏ అలవాటూ లేదు. యల్లా, కానియ్."

మొదట పాత దుప్పటి మీద కోశాను. బట్ట భుజం నుంచి జారి, నడుమును పట్టించుకోకుండా తుంటి దగ్గర ఆగాలి. మొదటిది సంచిలాగే వచ్చింది. కచ్చాకుట్టు వేసి నాకే తొడిగి, "బస్సెక్కు," అనేది అక్క. స్టూలు ఎక్కేదాన్ని. "రోగిని లేపు," అనేది. వంగేదాన్ని. ఎక్కడ పట్టేస్తే అక్కడ సుద్దతో గీత గీసేది. మూడో దుప్పటికి బట్ట నాతో పాటు కదిలింది. మూలనుంచి చూస్తున్న మాస్టర్ లేచి వచ్చాడు. మోకాళ్ళ దగ్గర వేలు పెట్టి, "యహా థోడా ఖులా రఖో, బేటీ," అన్నాడు, ఇక్కడ కొంచెం వదులుంచమని. అక్కడ మడతలు విప్పి పెడితే అడుగు సాగింది. మర్నాటి నుంచి నేను కోసినవి ఆయన కుట్టాడు. కాలర్లకి లేసు అక్క అల్లింది. "మా అమ్మమ్మ అల్లిన లేసు ఓడెక్కి సీమకి పోయేదంట. ఏ దొరసాని మెళ్ళోకెళ్ళిందో ఆవిడికి తెలీదు. నాది ఎవరి మెళ్ళోకెళ్తందో నేను చూత్తాను," అంది.

చూసింది. నాటకం రోజు సాయంత్రం అక్క, మాస్టర్, నేను చివరి వరసలో కూర్చున్నాం. యుద్ధానికి ముందటి సన్నివేశంలో మాస్టర్ కోసిన రెండు గౌన్లూ, చిరుగు బాగుచేయించుకుని, రాణుల్లా నిలబడ్డాయి. తర్వాత చీకటి. వెలుగు వచ్చేసరికి వెనక తెర మీద ముక్కలు ముక్కలుగా గీసిన ముఖం. దాని ముందుకి పద్నాలుగుమంది ఆడవాళ్ళు నడిచొచ్చి నాట్యం మొదలుపెట్టారు. ఒక్క కుట్టు తెగలేదు, ఒక్క అంచు కాలికి అడ్డం పడలేదు. గౌన్లు వాళ్ళకంటే అర క్షణం వెనక ఊగుతున్నాయి. చప్పట్ల మధ్య మేడమ్ మమ్మల్ని వేదిక మీదికి పిలిచింది. అక్క నన్ను ముందుకి తోసి, తనకొచ్చిన ఇంగ్లీషులో "షీ కట్!" అని అరిచింది. హాల్లో అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది రషీద్ మాస్టర్.

గ్రేసమ్మక్క ఇప్పుడు నరసాపురంలో చెల్లెలి దగ్గర ఉంది. కంటి ఆపరేషన్ అయ్యి చూపు బాగుపడింది. నేను కోసినవాటి ఫొటోలు పంపితే పెద్దవి చేసి చూసి, చంక దగ్గర ముడత ఉందని ఫోన్లో తిడుతుంది.

పోయిన వారం అల్ నహ్దా నుంచి ఒకావిడ పెళ్ళికూతురైన తన కూతుర్ని తీసుకొచ్చింది. పట్టు జాకెట్టు కుట్టాలి. కొట్టంతా చూసి, "మాస్టరు లేరా అమ్మా?" అంది. నేను నోరు తెరిచేలోపే మిషను మీద నుంచి తల ఎత్తకుండా, తనకొచ్చిన తెలుగులో రషీద్ అన్నాడు: "ఉంది గదా మాస్టర్, నీ సామ్నే." నీ ఎదుటే అని.

టేపు మెళ్ళో వేసుకుని, "ఇది తొడుక్కుని ఏం చేస్తావమ్మా?" అని అడిగాను.

పిల్ల తల్లి వంక చూసి నవ్వింది. "డాన్స్ చేస్తానక్కా. చేతులు పైకెత్తి."

"అయితే ఎత్తు," అన్నాను. ఎత్తింది. ఎత్తిన చేతులకే కొలతలు తీసుకున్నాను.