పెళ్లిచూపుల్లో పదమూడు ముక్కలు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ వరుసగా నిలబెడితే వరంగల్ చౌరస్తా నుంచి హనుమకొండ దాకా వస్తాయి. వాటిలో అన్నిటికన్నా ముందు నిలబడేది ఈ పేకాట. ఒక్క మధ్యాహ్నం, మూడే మూడు ఆటల్లో, నా పెళ్లిని నేనే చెడగొట్టుకోబోయిన వైనం ఇది. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నవ్వాల్సిన వాళ్లు అప్పుడే నవ్వేశారు.

అరవైలు మొదలైన రోజులు. నాకు ఇరవై మూడేళ్లు. వరంగల్‌లో మా ఇత్తడి సామాన్ల దుకాణంలో కూర్చునేవాణ్ణి. హనుమకొండలో ధాన్యం వ్యాపారం చేసే సేటు కూతురు సుగుణను ఎవరి పెళ్లిలోనో చూశాను. చూసిన దగ్గర్నుంచి చెంబు అడిగిన వాళ్లకు గంగాళం చూపిస్తున్నాను. అది గమనించి మా వాళ్లు సంబంధం అడుగుతూ కబురు పంపారు. అటునుంచి వచ్చిన జవాబు ఒక్కటే.

"పిలగానికి రమ్మీ వచ్చునా?"

సేటుకు ఒక పట్టింపు ఉంది. చూపులకు వచ్చిన ప్రతి పిల్లవాడితోనూ మూడాటలు పదమూడు ముక్కల రమ్మీ ఆడతాడు. పైసలుండవు, చింతగింజలే. ముక్కలు పంచగానే ఇది ఆడదగ్గ చేయా, డ్రాప్ చేసి పక్కన పడేయదగ్గ చేయా అని తేల్చుకోలేని వాడికి పిల్లనివ్వడట. చేతికొచ్చిన ముక్కల మంచిచెడ్డలే తెలియనివాడికి సంసారం మంచిచెడ్డలు ఏం తెలుస్తాయని ఆయన వాదన.

నేనేమో పేక ముట్టుకుంటే స్నానం చేయించే ఇంట్లో పుట్టాను. వారం గడువుంది కదా అని ఇద్దరు గురువుల్ని పట్టాను. పక్క దుకాణం నర్సయ్య చెప్పాడు: "బొమ్మలుంటే ఆడు, లేకుంటే పడెయ్. రాజు, రాణి చేతిలుంటే దునియ నీదే."

వర్ధన్నపేట నుంచి వచ్చిన మా చిన్నాయిన చెప్పాడు: "బొమ్మలు బరువు బిడ్డా. వరుస లేకుంటే ఎన్ని బొమ్మలున్నా డ్రాప్ జెయ్."

నర్సయ్య చెప్పింది మూడు ముక్కలాట అనీ, చిన్నాయిన చెప్పింది రమ్మీ అనీ నాకు తట్టలేదు. రెండూ కలిపి బట్టీ పట్టాను. ఇద్దరు గురువులకూ తగని శిష్యుణ్ణయ్యాను. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, ఆదివారం మధ్యాహ్నం చిన్నాయినను వెంటబెట్టుకుని రిక్షా ఎక్కాను.

మొదటి ఆట. ఆఠీను ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. ఇస్పేటు రెండు, మూడు, నాలుగు. పక్కన ఒక జోకరు. ఎంత వెతికినా ఒక్క బొమ్మ లేదు. నర్సయ్య గుర్తొచ్చాడు. "డ్రాప్" అన్నాను.

సేటు నా ముక్కలు తిరగేసి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఇది డ్రాప్ జేసినవా?"

"బొమ్మలు లేవు సేటూ."

"బొమ్మలతోని ఏం జేస్తవు? గోడకు కొట్టుకుంటవా?"

రెండో ఆట. డ్రాప్ చేస్తే తిట్టాడు కాబట్టి ఇక డ్రాప్ చేయకూడదని తీర్మానించుకున్నాను. ఇద్దరు రాజులు, ఇద్దరు రాణులు, ఇద్దరు జాకీలు వచ్చారు. వరుస అన్నది ఎక్కడా లేదు. చిన్నాయిన నా మోకాలు గిల్లాడు. మెచ్చుకుంటున్నాడనుకుని ఇంకా ఉత్సాహంగా ఆడాను. నాలుగు చుట్లు తిరగకముందే సేటు ఆట చూపించేసి, నా చేతిలోకి తొంగి చూశాడు.

"వీండ్లనెందుకు పట్టుకోని కూసున్నవ్?"

"రాజులు, రాణులు గద. పడేస్తే బాగుండదని."

"వీండ్లల్ల ఒక్కలకొక్కలు చుట్టాలేనా?"

చిన్నాయిన కండువాతో మొహం తుడుచుకున్నాడు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. మూడో ఆటా పోతే సుగుణ పోయినట్టే.

మూడో చేయి వచ్చింది. డ్రాప్ చేస్తే తప్పు, చేయకపోతే తప్పు. ఒక చెవిలో నర్సయ్య, ఒక చెవిలో చిన్నాయిన. ముక్కల మీది అంకెలు కూడా కనిపించడం మానేశాయి. సరిగ్గా అప్పుడే సుగుణ చాయ్ తెచ్చింది. సిగ్గుపడాల్సిన సమయంలో నేనేం చేశానో తెలుసా? పదమూడు ముక్కలూ ఆమె వైపు తిప్పాను.

"ఇది ఆడాల్నా, డ్రాప్ జెయ్యాల్నా?"

ఆమెతో నేను మాట్లాడిన మొదటి మాట అది. ఆమె ఒక్క చూపు చూసి నవ్వాపుకుంది.

"డ్రాప్ జెయ్యుండ్రి."

చేశాను. సేటు ఆ ముక్కలు చూడబోతే ఆమె వాటిని గబగబా పేకలో కలిపేసింది. "చాయ్ సల్లారిపోతది నాయినా" అంది.

సేటు చాయ్ తాగి నిండుగా నవ్వాడు. "మూడో ఆటకు బుద్ధొచ్చింది. చెప్తే ఇంటడు. ముహూర్తం చూడుండ్రి."

పెళ్లయిన నాలుగేళ్లకు, సుగుణే రమ్మీ నేర్పిస్తుంటే, అడిగాను.

"ఆ మూడో చేయి అంత చెడ్డదా?"

"మంచిదే. ఇంకొక్క పత్తా వస్తే ఆటయిపోవు."

"మరి డ్రాప్ జెయ్యమంటివి?"

"మా నాయినకు ఓడిపోతే మూడు దినాలు బువ్వ సయించదు. మీకంటె ముందుగాల ఇద్దరు పిలగాండ్లు వచ్చిండ్రు. ఇద్దరు గెలిచిండ్రు. గెలిచి ఇంటికి పోయిండ్రు."

కాబట్టి పాఠకులారా, ఇంటిల్లిపాదీ వినేలా ప్రమాణం చేస్తున్నాను. ఏ చేతినీ ఇకమీదట నా అంతట నేను మంచిదనీ చెడ్డదనీ తేల్చను. మామగారి మీద పొరపాటున కూడా గెలవను. ఈ రెండోదానికి ప్రమాణం అవసరం ఇంతవరకు రాలేదు, అది వేరే సంగతి.