మేము శాలువా కప్పినాయన మీదే ఫిర్యాదు

ఆ ఉదయం మావారు చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోయారు. "వేళ్లు తిమ్మిరెక్కాయి కరుణా, కాస్త నువ్వు పెట్టు" అన్నారు. నిడదవోలులో ఆయనకు మోటార్ రివైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన మోటార్లకు సన్నటి రాగితీగ చుట్టే వేళ్లు అవి. పని ఎక్కువై ఉంటుందిలే అనుకుని, బొత్తాలు పెట్టేసి నేను బడికి వెళ్లిపోయాను. ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్‌ని. మధ్యాహ్నం షాపు నుంచి ఫోన్ వచ్చింది. ఆయన కుర్చీలోంచి లేవలేకపోతున్నారట.

మా ఊరి డాక్టరు గారు చిన్న సుత్తితో మోకాళ్ల మీద కొట్టి చూసి, రిఫ్లెక్సులు రావడం లేదని వెంటనే రాజమండ్రి పంపేశారు. అక్కడ నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు, వెన్నులోంచి నీరు తీశారు. న్యూరాలజిస్టు నన్ను పక్కకు పిలిచి, "ఇది జీబీఎస్ అమ్మా. ఇమ్యూనిటీ మన నరాల మీదే దాడి చేస్తుంది. ఊపిరి కండరాల దాకా రావచ్చు. కానీ చాలామందికి తగ్గుతుంది. ఓపిక కావాలి" అన్నారు. మిగతావన్నీ వదిలేసి, తగ్గుతుందన్న మాటనే పట్టుకున్నాను.

ఆ దాడిని ఆపే ఐవీఐజీ అనే మందు ఎక్కిస్తుండగానే జబ్బు ఊపిరి దాకా వచ్చేసింది. వెంటిలేటర్ పెట్టారు. అది తీయడానికి ఆలస్యమవుతుందని గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టారు, ట్రాకియాస్టమీ అంటారట. మనిషికి అన్నీ తెలుస్తూనే ఉన్నాయి, కదిలేవి మాత్రం కళ్లే. అవునంటే రెప్ప వేయమని నర్సు చెప్పింది. "భయమేస్తోందా?" అని అడిగాను. రెప్ప వేయలేదు. నా కోసం అబద్ధమాడుతున్నారని తెలిసి, బయటికొచ్చి ఏడ్చాను.

షాపు మూతపడింది. నా జీతం మందులకే చాలడం లేదు. ఇంటి లోన్ కిస్తీలు ఆగిపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది ఇన్సూరెన్సు. లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకు ఆఫీసరు శ్రీనివాస్ గారే దగ్గరుండి ఆ పాలసీ తీయించారు. "జబ్బు చేసి మంచాన పడ్డా కిస్తీలు కంపెనీయే కడుతుందండి" అన్నారు. షాపు నడుపుకునేవాళ్లకు కూడానా అని నేనే అడిగాను. "అందరికీనండి మేడం, మీరేం ఆలోచించకండి" అన్నారు. ప్రీమియం కూడా లోన్‌లోనే కలిపేశారు. మేము లూథరన్ సంఘం వాళ్లం. కొత్తింటి ప్రతిష్ఠ ప్రార్థన రోజున ఆయన్ని పిలిచి, పాస్టరు గారి పక్కన కూర్చోబెట్టి, మావారే శాలువా కప్పారు. ఆయన మా బంధువులతో పాటు బంతిలో కూర్చుని భోజనం చేసి వెళ్లారు.

క్లెయిమ్ పెడితే కంపెనీ కాదంది. కిస్తీలు కట్టే సదుపాయం నెలజీతం ఉద్యోగులకు మాత్రమేనట, సొంత వ్యాపారం ఉన్నవాళ్లకు లేదట. నాకు ఒళ్లు మండిపోయింది. షాపు చూసి లోన్ ఇచ్చారు, ఆ షాపు ఉన్నవాడికి పనికిరాని పాలసీ అంటగట్టారు!

ఫిర్యాదు రాద్దామని కూర్చునేసరికి మావారు వార్డులోకి వచ్చారు. గొంతులో గొట్టం తీశారు గానీ మాట గాలిలా వస్తోంది. "శ్రీనివాస్ గారి పేరు రాయకు. మనింట్లో భోంచేసిన మనిషి. ఆయన ఉద్యోగం మీదికొస్తుంది" అన్నారు. మా వైపు ఈ మొహమాటం ఒక జబ్బు. నాకూ ఉంది. పిల్లలకు లేఖారచన నేర్పేదాన్ని కదా, మావారి పరిస్థితి వర్ణించి, దయతలచి ఆదుకోమని ఎంతో వినయంగా రాశాను. చదివినవాళ్లు కంటతడి పెట్టాలి. కంపెనీ పెట్టలేదు. మీకు మా సానుభూతి, షరతులకు మించి సాయం చేసే వీలు లేదు, అని తిప్పికొట్టింది.

ఆయన్ని ఇంటికి తెచ్చాక ఫిజియోథెరపీ మొదలైంది. గోడ పట్టుకుని నిలబడగలుగుతున్నారని సంబరపడేలోపే బాత్రూమ్‌లో పడ్డారు. ఎముక విరగలేదు గానీ ధైర్యం విరిగింది. ఆ వారమే బ్యాంకు నోటీసు వచ్చింది, బకాయి కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటామని.

"అమ్మేద్దాం కరుణా" అన్నారాయన.

"ఒక్క అడుగు వేయడానికి పళ్లు బిగబట్టి ఎక్సర్‌సైజులు చేస్తున్నారు. ఇల్లు మాత్రం అడగ్గానే ఇచ్చేస్తారా?" అని కసిరాను. నేను మొదటి ఉత్తరం మళ్లీ చదువుకున్నాను. అందులో మా కష్టం ఉంది గానీ, వాళ్ల తప్పు ఎక్కడా లేదు. నేను రాసింది ఫిర్యాదు కాదు, విన్నపం.

శ్రీనివాస్ గారు పెనుగొండ బ్రాంచికి బదిలీ అయ్యారు. చెప్పకుండా రాయడం బాగోదని బస్సెక్కి వెళ్లాను. కుర్చీ వేయించి, టీ తెప్పించి, మావారి ఆరోగ్యం అడిగారు. విషయం చెప్పాను.

"టార్గెట్లు అలా ఉంటాయండి మేడం. నేనేం చేయను చెప్పండి" అన్నారు.

"మీరేం చేయక్కర్లేదండి. ఆ రోజు మీరు అన్న మాట మీ పేరుతో రాస్తున్నాను. ముందే చెబుదామని వచ్చాను."

ఆయన మొహం మాడిపోయింది. నాకు బాధగానే ఉంది. అయినా టీ పూర్తిగా తాగే లేచాను.

ఈసారి విశేషణాలు లేకుండా రాశాను. ఎవరు, ఎక్కడ, ఏమని చెప్పి అమ్మారో, అంతే. మీరు సంతకం చేశారు కాబట్టి మా బాధ్యత లేదని కంపెనీ మళ్లీ తిరస్కరించింది. ఆ తిరస్కరణనే జతచేసి ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు పంపాను. ఇలాంటి తగవులు విని తీర్పు చెప్పే అధికారి ఆయన. లాయరూ అక్కర్లేదు, ఫీజూ లేదు.

విచారణ వీడియోలో జరిగింది. అన్నీ చదువుకునే సంతకం చేశారని కంపెనీ తరఫు అతను అన్నాడు.

"వీరి వృత్తి ఏంటని ఉంది మీ అప్లికేషన్‌లో?" అని అధికారి అడిగారు.

"సెల్ఫ్ ఎంప్లాయిడ్ సర్."

"మరి ఈయనకు ఈ పాలసీ ఏ విధంగా ఉపయోగమని అమ్మారు?"

అతను మళ్లీ సంతకం సంగతే ఎత్తాడు. మీరేమైనా చెప్పుకోవాలా అని అధికారి మావారిని అడిగారు. నేను అందుకోబోతుంటే ఆయన చేత్తో ఆపారు. బొంగురు గొంతుతో, ఊపిరి కూడదీసుకుంటూ అన్నారు: "శ్రీనివాస్ గారు మంచి మనిషేనండి. రేపు ఎదురుపడినా దండం పెడతాను. కానీ ఆయన మాకు చెప్పింది అబద్ధమండి. దానికి నా ఇల్లు పోకూడదండి."

పేరు రాయొద్దన్న మనిషి ఆయన. నాకు కన్నీళ్లు ఆగలేదు.

తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. కంపెనీ ప్రీమియం వడ్డీతో సహా వెనక్కి ఇచ్చింది. కిస్తీలు కట్టలేదు, నిజమే. కానీ ఆ డబ్బుతో బకాయి తీరింది, నోటీసు ఆగింది. మావారు ఇప్పుడు చేతికర్రతో రోజూ ఒక పూట షాపుకు వెళ్తున్నారు. లావు తీగ చుట్టగలుగుతున్నారు, సన్నతీగకు ఇంకా వేళ్లు లొంగడం లేదు. "నరం నెమ్మదిగా పెరుగుతుందమ్మా, ఆపకండి" అన్నారు డాక్టరు గారు. మేము ఆపడం లేదు.

ఇలాంటి చోట ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఫిర్యాదులో సాయం అడగకండి. ఎవరు, ఏమి చెప్పి అమ్మారో పేరుతో సహా రాయండి. కాదంటే ఆ మాట రాతపూర్వకంగా తీసుకుని, గడువు దాటకముందే పై మెట్టుకు వెళ్లండి. ఒక్క పేరు రాయడానికి మొహమాటపడి మేము ఇల్లు పోగొట్టుకోబోయాం.