బొమ్మ చూడకుండా రాసిన వార్త

సోమవారం కలెక్టరాఫీసులో గ్రీవెన్స్. జిల్లా నలుమూలల నుంచి జనం అర్జీలు పట్టుకుని వచ్చేవారు. మేం విలేకరులం వరండాలో నిలబడి, బయటికొచ్చిన ప్రతి ఒక్కరి దగ్గరా అర్జీ జిరాక్సు ఒకటి తీసుకునేవాళ్ళం. అలవాటైనవాళ్ళు మాకోసం నాలుగు కాపీలు ఎక్కువే తీయించుకుని వచ్చేవారు. మధ్యాహ్నానికి చేతిలో కాగితాల కట్ట. వాటిని చూసి వార్తలు రాయడమే. బోరు ఎండిందని రాసి ఉంటే ఎండినట్టే, ట్యాంకరు రాలేదంటే రానట్టే. పోయి చూసే తీరిక ఎవరికీ ఉండేది కాదు. పోయి చూసినా ఆ ఏళ్ళలో బోర్లు ఎండే ఉండేవి. అందుకే ఆ పద్ధతిని చాలాకాలం ఎవరూ తప్పుపట్టలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక సోమవారం నాకొక అర్జీ వచ్చింది. ఇచ్చినాయన నల్లమాడ వైపు రైతు. శనక్కాయ పండించే భూములు ఊళ్ళోనే ఉంచి, పిల్లల చదువు కోసం అనంతపురంలో మా కాలనీలోనే ఇల్లు తీసుకున్నాడు. బడిలో తల్లిదండ్రుల కమిటీకి ఆయనే పెద్ద. కాలనీ కేబుల్‌లో ఆదివారం పొద్దున, పిల్లలు టీవీ ముందు కూర్చునే వేళకు, జపాను బొమ్మల సినిమా ఒకటి వేశారనీ, అందులో చూడరాని దృశ్యాలున్నాయనీ, చర్య తీసుకోవాలనీ అర్జీ.

"ఏముండాదన్నా అందులో?" అని అడిగాను.

"అది నోటితో చెప్పేది కాదప్పా. రాసుకో" అన్నాడు.

రాసుకున్నాను. అర్జీలో ‘చూడరాని’ అని ఉంటే నేను ‘అశ్లీల’ అని రాశాను. ఎందుకంటే అప్పటికి పదేళ్ళుగా అలాంటి వార్తల్లో ఆ మాటే రాస్తున్నాను. డెస్కులో వాళ్ళు దానికి బాక్సు కట్టి, పైన నల్లటి శీర్షిక పెట్టారు. మంగళవారం పొద్దున పేపరొచ్చింది. మధ్యాహ్నానికి రెవెన్యూ ఆఫీసు వాళ్ళు వచ్చి కేబుల్ గదికి తాళం వేసి లక్క సీలు కొట్టిపోయారు. కాలనీ టీవీలన్నిట్లో చుక్కలు.

ఆ సాయంత్రం కేబుల్ అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. అబ్బాయి అంటున్నాను గానీ పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నవాడు. ధర్మవరంలో వాళ్ళ నాయన, అన్నలు పట్టుచీరలు నేస్తారు. గుంతలో కాళ్ళు పెట్టుకుని మగ్గం ముందు కూర్చోవడం తన వల్ల కాదని వచ్చేసి, స్తంభం స్తంభం తానే ఎక్కి కాలనీ అంతా వైరు లాగాడు. మా ఇంట్లోకి వచ్చిన వైరు కూడా అతనిదే. వార్త రాసింది నేనని అతనికి తెలుసు. అయినా మంచినీళ్ళడిగి, తాగి, గ్లాసు కింద పెట్టి అప్పుడు మాట్లాడాడు.

"అన్నా, ఆదివారం లోపల సీలు తియ్యకపోతే ఊర్లోని పెద్ద కేబులాయన మన కాలనీలోకి వైరు లాగుతాడు. పోయిన సంవత్సరం నుంచి కాసుకోనుండాడు. ఒగసారి ఆ వైరు ఇండ్లల్లోకి పోయినాక నన్నెవురు పిలుస్తారు? మళ్ళా ధర్మవరం పోయి గుంతలో దిగాల్సిందే."

ఖాళీ గ్లాసును గోడవైపు జరిపి మళ్ళీ అన్నాడు.

"ఒగ మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. ఆ బొమ్మ నువ్వు చూసినావా?"

"లేదు."

"మరి ఏం చూసి రాసినావన్నా?"

"అర్జీ చూసి."

"అర్జీలో బొమ్మలు ఆడతాయా?"

నా భార్య వంటింటి గడప దగ్గర శనక్కాయలు ఒలుస్తూ ఉంది. నవ్వు దాచుకోవడానికి చేట మీదికి వంగింది.

సీలు పడే సమయానికి ఆ సీడీ అతని స్నేహితుడి ఇంట్లో ఉండిందట. చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు. ప్లేయరులో పెట్టబోతూ, బల్ల మీద లెక్కలు చేసుకుంటున్న నా కూతురిని లోపలికి వెళ్ళమన్నాను. దానికప్పుడు పన్నెండేళ్ళు.

"ఆదివారం నేనూ అదీ కూచోని మొత్తం చూసినాం. ఇప్పుడు లోపలికి పంపి ఏం చేస్తావు?" అంది నా భార్య.

"మరి నాకు చెప్పలేదే?"

"నువ్వు అడిగినావా?"

ఇంట్లోనే ఇద్దరు సాక్షులుండగా నేను వరండాలో నిలబడి జిరాక్సు తీసుకున్నాను. అమ్మాయి కదల్లేదు. అందరం కూర్చున్నాం.

సముద్రం ఒడ్డున చిన్న ఊరు. తల్లి లేని పిల్ల. తండ్రి పడవలకు రంగులు వేస్తాడు. ఒకరోజు ఆ పిల్ల బడి నుంచి వానలో తడుస్తూ, సంచీని వెనకవైపు అడ్డం పెట్టుకుని నడిచొస్తుంది. లంగాను తొట్టిలో బట్టల అడుగున దాచేస్తుంది. తండ్రి దాన్ని చూస్తాడు. చూసి చాలాసేపు నిలబడిపోతాడు. తర్వాత కూర్చుని ఉతుకుతాడు. సముద్రం వైపు దండెం మీద ఆరేస్తాడు. చూపించింది అంతే. మరక కూడా సరిగా కనిపించదు.

అక్కడికి వచ్చేసరికి కరెంటు పోయింది. మా ఊళ్ళో అది మామూలే. విసనకర్రలు తీసుకున్నాం.

"మా నాయనయితే ఉతికేది అటుపెట్టు, బకెట్టు యాడుండాదో కూడా తెలీదు" అన్నాడు కేబుల్ అబ్బాయి.

"నీకు తెలుసా?" అంది నా భార్య.

"నాకు స్తంభాలు తెలుసునక్కా."

అరగంటకు కరెంటు వచ్చింది. తండ్రి పక్కింటి అవ్వ దగ్గరికి పోతాడు, అడగలేక తిరిగొస్తాడు, మళ్ళీ పోతాడు. అవ్వ ఏమీ అడగకుండా ఒక చిన్న సంచీ చేతిలో పెడుతుంది. అందులో ఎర్ర గింజలు, మన అలసందల లాంటివి. వాటిని బియ్యంతో కలిపి వండుతాడు. అన్నం ఎర్రగా అవుతుంది. ఇద్దరూ తింటారు. పిల్ల ఏడుస్తుంది, తండ్రి తలెత్తకుండా గిన్నెలోకే చూస్తూ తింటాడు.

"మనం నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి పెడతాం. వాళ్ళకు అదన్నమాట" అంది నా భార్య. నా వైపు తిరిగి, "మైకు ఒగటే తక్కువ" అంది.

నిజమే. మా దగ్గర పిల్ల పెద్దమనిషి అయితే మైకు సెట్టు పెడతారు, గోడలకు పోస్టర్లు అంటిస్తారు, మా పేపర్లో ఫొటో కూడా వస్తుంది.

మర్నాడు నేనూ కేబుల్ అబ్బాయీ రెవెన్యూ అధికారిని కలిశాం. ఆయన ఫైల్లో అర్జీ, నా వార్త కటింగు పక్కపక్కనే కుట్టి ఉన్నాయి. సీలు తీయాలంటే అర్జీదారు అభ్యంతరం లేదని రాసివ్వాలన్నాడు. శుక్రవారం సాయంత్రం ఆ రైతు ఇంటికి పోయాం. అరుగు మీద కుర్చీలు వేయించాడు, కాఫీ ఇప్పించాడు. విషయం చెప్పగానే ముఖం మారింది.

"ఏమప్పా, తండ్రి ఉతుకుతాడా ఆ గుడ్డలు? మనకాడ ఆ గుడ్డలు చాకలామెకు ఇచ్చేస్తాం. నీళ్ళు పోసేదాంకా తండ్రి బిడ్డ మొగం కూడా చూడకూడదు. నా కొడుకు పక్కన కూచోని, నాయనా ఆ గుడ్డ ఏమిటని అడిగినాడు. నేనేం చెప్పాల?"

అదీ ఆయన బాధ. అర్జీలో ఈ ముక్క ఉండి ఉంటే నేను వేరే వార్త రాసి ఉండేవాణ్ణి. ఆయన రాయలేకపోయాడు, నేను అడిగి ఊరుకున్నాను.

గుమ్మం లోపల కూర్చున్న వాళ్ళమ్మ గొంతెత్తింది. ఎనభై ఏళ్ళుంటాయేమో.

"ఒరే, నీ కూతురు పెద్దమనిషైనప్పుడు కార్డులు కొట్టించి నల్లమాడంతా పంచితివి గదరా. అప్పుడు లేని సిగ్గు ఆ బొమ్మ మనిషి ఒగ గుడ్డ ఉతికితే వచ్చెనా?"

"నువ్వు ఊరుకోమ్మా."

"నువ్వు గుడ్డ కాడనే టీవీ కట్టేసి బయటికి ఎలబారితివి. నేను మళ్ళా ఏయించుకోని, ఆ పిల్ల అన్నం తినేదాంకా చూసినా. తల్లి లేని బిడ్డరా. ఆయప్ప కాక ఎవురు ఉతకాల?"

ఆయన కాఫీ లోటా కింద పెట్టాడు. తర్వాత లోపలికి పోయి తెల్లకాగితం తెచ్చుకున్నాడు. రాసిచ్చాడు గానీ ఒక షరతు పెట్టాడు. "ఇట్లాంటిది ఏసేముందు చెప్పాల. అవతల ఏమొస్తాదో తెలిస్తే నేనే నా కొడుక్కు ముందుగా ఏదో ఒగటి చెప్పుకుంటా." కేబుల్ అబ్బాయి ఒప్పుకున్నాడు. నాకు అది న్యాయంగానే తోచింది, ఇప్పటికీ తోస్తుంది. ఆ తర్వాతి ఏళ్ళలో జపాను బొమ్మల మీద దేశదేశాల్లో రేగిన గొడవల వార్తలు నా బల్ల మీదికి చాలా వచ్చాయి. వాటిని యానిమే అంటారని అప్పుడే తెలిసింది. చావు, దేహం, పెద్దలు పిల్లల దగ్గర దాచేవన్నీ వాళ్ళు బొమ్మల్లో గీస్తారు. కొన్ని నిజంగానే పిల్లలకు తగవు. బొమ్మ అనగానే పిల్లలదే అనుకోవడం మన పొరపాటు. ఏదైనా, చూసి చెప్పాల్సిన సంగతి.

శనివారం సీలు తీశారు. ఆ మధ్యాహ్నమే నేను ఆఫీసుకు పోయి సవరణ వేయమని అడిగాను. మా ఇన్‌ఛార్జి తల ఊపలేదు. "పేరు తప్పు పడితే సవరణ. ఫొటో మారితే సవరణ. విలేకరి సినిమా చూడలేదని సవరణ యాడైనా ఉండాదా?" అన్నాడు.

ఆ మాటే కేబుల్ అబ్బాయికి చెప్పాను. అతను గదిలో వైర్లు బిగిస్తూ, వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "మీ పేపరోళ్ళు ఎయ్యకపోతే నేనేస్తాలేన్నా. రాసియ్యి."

ఆ రోజుల్లో లోకల్ ఛానెల్ అడుగున చీరల దుకాణాల ప్రకటనలూ, పుట్టినరోజు శుభాకాంక్షలూ అక్షరాల వరుసలో పాకుతూ పోయేవి. ఆదివారం పొద్దున అదే బొమ్మ మళ్ళీ వేసేముందు, వాటి మధ్య నా వరుస కూడా పాకింది. మేం ముగ్గురం టీవీ ముందే ఉన్నాం. నా కూతురు దాన్ని పైకి చదివింది.

"ఇప్పుడు వచ్చే బొమ్మలో ఒక ఆడపిల్ల పెద్దమనిషి అవుతుంది. వద్దనుకునేవారు టీవీ కట్టేయవచ్చు. మంగళవారం దీని గురించి వార్త రాసిన విలేకరి అప్పటికి బొమ్మ చూడలేదు. ఇప్పుడు చూశాడు. బాగుండాది."

చివరి మాట నేను రాసివ్వలేదు. అతను చేర్చుకున్నాడు. నేను అభ్యంతరం చెప్పలేదు.