ఎందాకా అంటే ఇక్కడికేనన్నాను

నవ్వబోమని ముందు మాటివ్వండి, అప్పుడు చెప్తాను. లేదంటే ఈ టీ తాగేసి నా దారిన నేను పోతాను. మొన్న ఆదివారం నుంచి నేను సంత్రాగాఛి స్టేషను ఛాయలకి పోవట్లేదు. అవునండీ, నేనే! సాయంత్రమైతే ఆ ఫుట్‌బ్రిడ్జి మీద గంటసేపు నిలబడి లోకల్ రైళ్ళు చూడకపోతే అన్నం సయించని నేనే!

నా గొప్పలు మీకు తెలిసినవేగా. బ్యాంకు వాళ్ళు కలకత్తా పోస్టింగిచ్చి ఏడు నెలలు. ఈ ఏడు నెలల్లో ఆ బ్రిడ్జి మీద నిలబడే లోకల్ రైళ్ళలో డాక్టరేట్ చేసేసేను. "అదిగో మేచేదా లోకల్, మూడు నిమిషాలు లేటు. ఇదిగో పాన్‌స్కురా లోకల్, డ్రైవరు కొత్తవాడు" అని ఎవరూ అడక్కుండానే చెప్పేవాణ్ణి. మా ఆవిడ సుగుణ ఒకరోజు అడిగింది, "ఏవండీ, వీటిల్లో ఎప్పుడైనా ఎక్కేరా?" అని. ఎక్కడం దేనికీ? ఆఫీసుకి మినీబస్సులో పోతాను. రైలు గురించి తెలుసుకోడానికి రైలెక్కాలా ఏటి?

అసలు నాది పుట్టుకతో వచ్చిన రైలు పిచ్చి. మాది పాతపట్నం. నౌపడా నుంచి గుణుపురం పోయే చిన్నబండి మా ఊరిమీంచే పోయేది. నారో గేజి. దాని స్పీడెంతంటే, పెద్దవాళ్ళు దిగి నీళ్ళు తాగి మళ్ళీ అదే పెట్టెలో ఎక్కేవారు. పాలమ్మే అప్పమ్మ క్యానుతో గట్టు మీద కనబడితే, ఆవిడ ఎక్కేదాకా బండి కదిలేది కాదు. ఆ బండి గార్డుగారు జెండా పట్టుకుని వెనక పెట్టెలో నిలబడితే నాకు దేవుణ్ణి చూసినట్టుండేది. పెద్దయ్యేక ఆయన కూతుర్నే చేసుకున్నాను. నేను చేసుకున్నది తననా, రైలునా అని సుగుణకి ఇప్పటికీ అనుమానమే.

ఇప్పుడు కథంతా ఆ గార్డుగారితోనే. మా మావగారు. ముప్పై నాలుగేళ్ళు ఆ బండి మీద నిలబడి నిలబడి మోకాళ్ళు అరగదీసుకుని రిటైరయ్యేరు. మొన్న ఖరగ్‌పూర్‌లో పాత స్నేహితుడి ఇంటికొచ్చి, అక్కణ్ణుంచి మా ఇంటికొస్తానన్నారు. నేను వెళ్ళి తీసుకురావాలి. సుగుణ గుమ్మంలో నిలబెట్టి మరీ చెప్పింది.

"నాన్న మోకాళ్ళ సంగతి తెలుసు కదా. అరగంట నిలబడితే వారం రోజులు మంచం దిగలేరు. కూర్చోబెట్టి తీసుకురండి. అంతే! ఇంకేటీ చెయ్యొద్దు మీరు. నేను రెండు గంటలకి సంత్రాగాఛి ప్లాట్‌ఫారం మీదుంటాను."

"లోకల్ రైళ్ళ గురించి నాకు చెప్తున్నావా?" అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తోంది.

ఖరగ్‌పూర్‌కి బస్సులోనే పోయేను. అక్కడ అంతా బ్రహ్మాండంగా జరిగింది. హౌరా లోకల్ అక్కడే బయల్దేరుతుంది కాబట్టి ఖాళీగా ఉంది. మావగార్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, నేను ఆయన పక్కన కూర్చుని, కాళ్ళు చాపుకుని ఉపన్యాసం మొదలెట్టేను. "చూసేరా మావయ్యగారూ, ఎలక్ట్రిక్ బండి. పొగ లేదు, బొగ్గు లేదు." ఆయన పెద్దమనిషి, "ఆహా, అలాగా బాబూ" అంటూ విన్నారు. జీవితమంతా రైల్లో గడిపినాయనకి నేను రైలంటే ఏటో చెప్తున్నాను! నా తెలివి అలాంటిది.

ఆ రోజు కలకత్తాలో ఏదో పెద్ద మీటింగుంది. మీకు తెలుసుగా, ఇక్కడ ఎండాకాలం, వానాకాలం, మీటింగుల కాలం. ప్రతి స్టేషనులోనూ ఎర్రజెండాలు పట్టుకుని జనం ఎక్కుతున్నారు. బాలీచక్ దాటేసరికి పెట్టెలో గాలి కూడా నిలబడే ప్రయాణం చేస్తోంది. అప్పుడొచ్చేడు మహానుభావుడు. నడివయసు మనిషి, జెండా కర్ర చంకలో పెట్టుకుని, సరిగ్గా నా మోకాళ్ళకి ఎదురుగా నిలబడి, ఎంతో ఆప్యాయంగా అడిగేడు.

"దాదా, కోథాయ్ నామ్‌బేన్?"

అన్నా, ఎక్కడ దిగుతారు అని. నా ప్రాణం లేచొచ్చింది! ఏడు నెలల్లో బస్సులో ఒక్కడు నన్నిలా పలకరించలేదు. అచ్చం మా చిన్నబండిలో లాగే! మా వైపు బండిలో కూర్చోగానే పక్కాయన "ఎందాకా?" అంటాడు. దానికి ఎవరైనా ఉన్న ఊరు చెప్తారా? బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అడగడమే తప్పు, అడిగినవాడికి ఊరు చెప్పడం ఇంకా తప్పు. అందుకని "ఇక్కడికేనండీ" అంటాం. గుణుపురం దాకా పోయేవాడూ ఇక్కడికే, పక్క ఊళ్ళో దిగేవాడూ ఇక్కడికే. అవతలాయన "మాదీ ఇక్కడికే" అంటాడు. అక్కణ్ణుంచి పిల్లల చదువులు, పనసకాయ కూర, నడుం నొప్పి. అదీ మర్యాదంటే.

నేనూ నాకొచ్చిన బెంగాలీలోకి ఆ మర్యాదంతా దించేసేను. "ఏయ్ తో దాదా, కాఛేయ్!" ఇదిగో, ఇక్కడికే, దగ్గరే!

ఆయన మొహం వెలిగిపోయింది. "పాన్‌స్కురా?" అన్నాడు. అంత ఆశగా అడుగుతుంటే కాదని ఎలా అంటాం చెప్పండి? తలూపేను. మావగారి వైపు వేలు పెట్టి "ఇద్దరూనా?" అన్నాడు. దానికీ తలూపేను. ఇంక పిల్లలెంతమందని అడుగుతాడు కాబోలని ఎదురుచూస్తున్నాను. ఆయన నన్ను వదిలేసి వెనక్కి తిరిగి ఎవరికో ఏదో చెప్పేడు. వాళ్ళు ఇంకెవరికో చెప్పేరు. అందరూ నాకేసి చూసి చిరునవ్వులు! ఒకాయన నాకు కిళ్ళీ కూడా ఇచ్చేడు. "చూసేరా మావయ్యగారూ, బెంగాలీ వాళ్ళు ఎంత కలుపుగోలు మనుషులో!" అన్నాను కిళ్ళీ నవుల్తూ.

ఆయన మాత్రం వాళ్ళ కళ్ళకేసి చూస్తున్నారు.

ఇక్కడ ఆ ప్రశ్న పలకరింపు కాదండీ! సీటు బేరం. నువ్వు ఏ స్టేషనులో దిగుతానంటే ఆ స్టేషను నుంచి నీ సీటు అడిగినవాడిది. ఆ తర్వాత అతని వెనకవాడిది. అంతా నోటిమాట మీద నడిచే చట్టం. మాటిచ్చి లేవకపోతే అంతకంటే నీచుడు లేడు. ఇవన్నీ ఫుట్‌బ్రిడ్జి మీంచి కనబడవు కదా మరి! నేను కిళ్ళీ నవుల్తూ ఉండగానే నా సీటుకి ఇద్దరు, మావగారి సీటుకి ముగ్గురు వారసులు తేలిపోయేరు. ఎర్రజెండాల రాజ్యం, సీటు కూడా కమిటీ వేసి పంచేసుకున్నారు.

పాన్‌స్కురా రాబోతుండగా ఆయన నా భుజం తట్టి, "ఉఠున్ దాదా" అన్నాడు. లేవమని! అప్పటికి వెలిగింది నా బల్బు.  మావగారి మోకాళ్ళు, గుమ్మంలో సుగుణ, రెండూ ఒకేసారి కళ్ళముందు కనబడ్డాయి.

"లేదు లేదు, సంత్రాగాఛి!" అన్నాను.

 ఇందాకటి చిరునవ్వులన్నీ ఒక్కసారి మాయమయ్యేయి. "అదేంటి, పాన్‌స్కురా అన్నావు కదా? ఇద్దరూ అన్నావు కదా?" అని అరడజను మంది సాక్షులు! కిళ్ళీ ఇచ్చినాయనైతే తిరిగిచ్చెయ్యమనేలా చూసేడు. ఏం చెయ్యను? ఒక్క సీటైనా దక్కించుకోవాలి కదా. అప్పుడు తట్టిందండీ నాకు మహా గొప్ప ఉపాయం. "ఈ పెద్దాయనెవరో నాకు తెలీదు. ఈయన దూరం పోతారు. దిగేది నేనొక్కణ్ణే!" అనేసేను.

కన్యాదానం చేసిన మావగారు! ఎవరో తెలీదన్నాను!

వెంటనే అందరికీ మళ్ళీ నామీద ప్రేమ పుట్టుకొచ్చింది. దిగేవాణ్ణి దింపాలి కదా! "నామ్‌తే దిన్, దాదాకే నామ్‌తే దిన్!" దాదాని దిగనివ్వండి అని ఒకటే కేకలు. నేను గుమ్మం దాకా పోయి ఓ పక్కన నక్కి నిలబడదామనుకున్నాను. ఎక్కడ! ఒకరు చెయ్యి పట్టుకున్నారు, ఒకరు వీపు మీద చెయ్యేసేరు, నా కాళ్ళు నేలకి తగిలేయో లేదో నాకే తెలీదు. చంటిపిల్లాణ్ణి దింపినట్టు ప్లాట్‌ఫారం మీద దింపేరు. ఒకాయన నా కాలర్ కూడా సర్దేడు. అంత మర్యాదగా నన్ను పెళ్ళిలో కూడా ఎవరూ మోయలేదు.

మళ్ళీ ఎక్కుదామని తిరిగేసరికి గుమ్మంలో ఇంకో నలభైమంది, పది జెండాలు. బండి కదిలిపోయింది. నేనేం చేసేనో తెలుసా? పరిగెత్తేను! చిన్నబండి అలవాటు! మా ఊళ్ళో అయితే నడిచినా అందుకునేవాణ్ణి. ఇది పొగ లేని బండని ఇందాక ఉపన్యాసమిచ్చింది నేనే కదా, సుయ్‌మని పోయింది. కిటికీలోంచి మావగారు నన్ను చూసేరు. అరవలేదు, కంగారు పడలేదు. ముప్పై నాలుగేళ్ళ అలవాటు కాబోలు, చెయ్యి బయటపెట్టి బండి పోవచ్చన్నట్టు ఊపేరు.

పై ప్రాణాలు పైనే పోయేయి. పెద్దాయనకి బెంగాలీ ముక్క రాదు. దిగాల్సిన స్టేషను తెలుసో లేదో. ఎవడైనా మళ్ళీ లేపేసేడేమో. ఈ మోకాళ్ళతో ఎక్కడ నిలబడ్డారో! నా కళ్ళలో నీళ్ళు తిరిగేయండీ, అబద్ధం చెప్పను. తర్వాత వచ్చిన బండి ఏదైతే అదే అని గబుక్కున ఎక్కేసేను. పక్కాయన్ని "సంత్రాగాఛికి ఎంతసేపు?" అనడిగేను. ఆయన నవ్వి, "ఇది గ్యాలపింగ్ దాదా, అక్కడ ఆగదు" అన్నాడు. చిన్న స్టేషన్లు వదిలేసి గెంతుకుంటూ పోయే బండిని అలా అంటారు. హారన్ విని ఏది గ్యాలపింగో చెప్పేస్తానని మీ ముందు ఛాలెంజ్ చేసిన మొనగాణ్ణి నేనేగా!

సంత్రాగాఛి రానే వచ్చింది. పోనే పోయింది. ఆ రెండు క్షణాల్లో చూసేను. ప్లాట్‌ఫారం బెంచీ మీద మావగారు, పక్కన సుగుణ, చేతుల్లో మట్టికప్పుల్లో టీ! నేను గుమ్మంలో వేలాడుతూ "మావయ్యగారూ!" అని గావుకేక పెట్టేను. ఆయన మళ్ళీ చెయ్యూపేరు. సుగుణ నుదురు కొట్టుకుంది.

హౌరాలో దిగి, ఇంకో లోకల్ పట్టుకుని, ఎందాకా అన్న ప్రతివాడికీ ఊరు, వాడ, డోర్ నంబరుతో సహా చెప్పుకుంటూ సంత్రాగాఛి చేరేసరికి నాలుగైపోయింది. దిగేనో లేదో, మైకులో అనౌన్స్‌మెంటు. బెంగాలీలో, తర్వాత హిందీలో. సగంలో ఆగి చెవులు రిక్కించేను. ఆంధ్రా నుంచి వచ్చిన ఒక వ్యక్తి తప్పిపోయేడు. వయసు ముప్పై ఆరు, నీలం చొక్కా, నెత్తిమీద జుట్టు పలచన, బెంగాలీ సరిగా రాదు, ఏ బండి పడితే ఆ బండి ఎక్కేస్తాడు. కనబడితే స్టేషన్ మాస్టర్ ఆఫీసులో అప్పగించగలరు, ఆయన మావగారు ఎదురుచూస్తున్నారు!

పారిపోదామనుకున్నాను. మీటింగుకి పోని కుర్రాళ్ళు ఇద్దరు నా చొక్కా చూసేరు, నా నెత్తి చూసేరు. చెరో రెక్కా పట్టుకుని తీసుకుపోయేరు.

ఆఫీసులో మావగారు దర్జాగా కుర్చీలో కూర్చుని ఉన్నారు, కాళ్ళకింద చిన్న స్టూలు కూడా వేసేరు. అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు ఆయనకి బిస్కెట్లు పెడుతున్నాడు. రైల్వే వాళ్ళందరూ ఒకటే కులం కదా!

"మిమ్మల్నెవరూ లేపలేదా మావయ్యగారూ?" అన్నాను ఆయాసపడుతూ.

"లేపడమేటి బాబూ? నన్నూ అడిగేరు ఎక్కడ దిగుతావని. సీటు కోసం అడిగేవాడి కళ్ళు నాకు తెలీవా? హౌరా, లాస్ట్ అన్నాను. ఒక్కడూ మళ్ళీ నా మొహం చూడలేదు. హాయిగా కూర్చునే వచ్చేను. మీకే పాపం, కాళ్ళు నొప్పులేమో."

పక్కనే ఉన్న సుగుణ నాకేసి చూడకుండా నాన్న కాళ్ళకింద స్టూలు సర్దింది. దానికంటే తిట్టినా బాగుండేది.

అసిస్టెంట్ మాస్టరు రిజిస్టరు తెరిచి, తప్పిపోయిన మనిషి దొరికేడు కాబట్టి పెద్దాయన సంతకం పెట్టాలన్నాడు. అందులో 'మంచి స్థితిలో అందినది' అని ఇంగ్లీషులో రాసుంది. మావగారు కళ్ళజోడు పెట్టుకుని చదివేరు. నన్ను పైనుంచి కిందకి ఓసారి చూసేరు. ఎన్ని వేల పార్సిళ్ళు దింపించుకున్న చెయ్యో, ఆ మాటని నిదానంగా కొట్టేసేరు. పైన అందమైన అక్షరాలతో రాసేరు: 'ఒకటి అందినది. పైకి బాగానే ఉన్నది. లోపలి సరుకుకి బాధ్యత లేదు.'

కింద సాక్షి సంతకం సుగుణ పెట్టింది. ఎవరూ అడగలేదు!