రెండో ఆపరేషన్ థియేటర్

జులూలు ఉండే నేలలో, ఉంజింటో ఊరు దాటాక, చెరకు తోటల మధ్య ఉన్న ఆ ఆసుపత్రిలో నేను ప్రసూతి వైద్యురాలిగా చేరేనాటికి నల్లవాళ్లకూ ఓటు దక్కి, కొత్త ప్రభుత్వం వచ్చి ఎంతో కాలం కాలేదు. గర్భిణులకు వైద్యం ఉచితం చేశారు. కొండల మీది ఊళ్ల నుంచి ఆడవాళ్లు వస్తూనే ఉండేవారు. కింది వార్డులో మంచాలు చాలక నేల మీద పరుపులు వేసేవాళ్లం. పై అంతస్తులో ఒకప్పుడు తెల్లవాళ్లకే కేటాయించిన వార్డు మాత్రం సగం ఖాళీగా ఉండేది. బోర్డు తీసేశారు గానీ అక్కడి నర్సులను కదిలించలేదు.

మా సూపరింటెండెంట్ అక్కడి భారతీయుల పేట షాల్‌క్రాస్‌లో పుట్టిన తెలుగావిడ. ముత్తాత చెరకు కొట్టడానికి ఓడెక్కి వచ్చాడట. ఆమెకు మిగిలిన తెలుగు నాలుగు ముక్కలే. అవి నాతోనే మాట్లాడేది.

ఒక మధ్యాహ్నం నేను ఆపరేషన్ చేస్తుండగా ఇంకో అమ్మాయిని రక్తస్రావంతో తీసుకొచ్చారు. నర్సులు లేక రెండో థియేటర్ మూసి ఉంది. నేను కుట్లు వేసి బయటికి వచ్చేసరికి ఆ అమ్మాయి పోయింది. కడుపులో బిడ్డా దక్కలేదు.

మర్నాడు మీటింగులో డాక్టర్లు నర్సులను తప్పుపట్టారు. నర్సులు అంబులెన్సు ఆలస్యమైందన్నారు. అందరూ అయ్యాక సూపరింటెండెంట్ ఇంగ్లీషులో అంది:

"ఆ థియేటర్ మూయమని సంతకం పెట్టింది నేను. పైనున్న నర్సులను కిందికి పంపితే ఆ వార్డు చూసే సీనియర్ డాక్టర్లు కోప్పడతారని వాయిదా వేస్తూ వచ్చాను. ముందు నా సంగతి మాట్లాడండి."



ఏదీ ఒప్పుకోవద్దని, లాయర్లు చూసుకుంటారని ఆరోగ్య శాఖ పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఆమె ఫోన్ పెట్టేసి కారు తాళాలు తీసుకుంది.

"నాతో రా అమ్మా. ఆ తల్లికి నానే సెప్పాల."

చనిపోయిన అమ్మాయి ఇంట్లో ఆమె తల్లి, సంతాపం కోసం నేల మీద పరిచిన పరుపు మీద కూర్చుని ఉంది. సూపరింటెండెంట్ ఎదురుగా కింద కూర్చుని జులూలో జరిగిందంతా దాచకుండా చెప్పింది. వార్డులో విని నేర్చుకున్న జులూతో నాకు చాలావరకు అర్థమైంది. అంతా విని తల్లి అడిగింది:

"ఆ గది ఇప్పుడు తెరిచారా?"

"ఇంకా లేదమ్మా."

"మరి నా దగ్గరికెందుకొచ్చావు? వెళ్లి తెరువు."

తిరుగుదారిలో ఆమె కారు పక్కకు ఆపి స్టీరింగు మీద తల వాల్చి ఏడ్చింది.  కాసేపటికి ముఖం తుడుచుకుని మళ్లీ బయల్దేరింది.

ఆ సాయంత్రమే పై వార్డుకు వెళ్లి నర్సుల్లో ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడింది. వారం తిరక్కుండా రెండో థియేటర్ తెరిచారు. నేల మీది తల్లులకు పై అంతస్తులో మంచాలు దొరికాయి. ఇద్దరు సీనియర్ డాక్టర్లు రాజీనామా చేశారు. ఆమెకు పై ఆఫీసు నుంచి గట్టి మందలింపు వచ్చింది.

థియేటర్ తెరిచామని చెప్పడానికి ఆమె మళ్లీ ఆ ఇంటికి వెళ్లింది. ఈసారీ నేను వెంట ఉన్నాను. తల్లి గుమ్మంలోనే నిలబడి విని, తలాడించి, లోపలికి వెళ్లిపోయింది.